ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె

ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె (మే 22, 1828 - జూలై 20, 1870) జర్మనీకి చెందిన ప్రముఖ నేత్ర వైద్యుడు, ఆచార్యుడు. ఆధునిక నేత్ర వైద్యశాస్త్ర స్థాపకులలో ఒకడిగా ప్రసిద్ధుడు. అంతవరకు చికిత్స లేదని భావించిన గ్లకోమా (నీటికాసులు) వ్యాధికి శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రేఫె బెర్లిన్ నగరంలో జన్మించాడు. పేరుపొందిన శస్త్రవైద్యుడైన తండ్రి కార్ల్ ఫెర్డినాండ్ 1840లో మరణించాడు. గ్రేఫె 1847లో, 19 ఏళ్ళ వయసులోనే బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. పిమ్మట ప్రాగ్, పారిస్, వియన్నా, లండన్ నగరాలలో ఉన్నత శిక్షణ పొందాడు. ప్రాగ్‌లో ఫెర్డినాండ్ ఆర్ల్ట్ ప్రభావంతో నేత్ర వైద్యాన్ని ఎంచుకున్నాడు.

వృత్తి జీవితం

స్వదేశానికి తిరిగివచ్చి బెర్లిన్‌లో సొంత కంటి వైద్యశాలను స్థాపించి, పేదలకు ఉచితంగా చికిత్స చేశాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించిన ఆఫ్తాల్మోస్కోపును వెంటనే వినియోగంలోకి తెచ్చాడు. దీనితో జీవించి ఉన్న రోగి కంటి లోపలి భాగాలను చూడడం సాధ్యమైంది. 1854లో నేత్ర వైద్యానికి ప్రత్యేకించిన పత్రికను ప్రారంభించాడు. ఆ పత్రిక నేటికీ ఆయన పేరుతో వెలువడుతున్నది.

గ్లకోమా చికిత్స

తీవ్రమైన గ్లకోమాలో కంటిలోని ఒత్తిడి హఠాత్తుగా పెరిగి, చూపు పోతుంది. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ పొరలో కొంత భాగాన్ని కత్తిరిస్తే ఒత్తిడి తగ్గుతుందని గ్రేఫె గుర్తించి, 1857లో ప్రకటించాడు. దీర్ఘకాలికమైన గ్లకోమాలో ఇది అంతగా ఫలించలేదు. ఐరిస్ అడ్డుపడి కంటిలోని ద్రవం బయటకు పోలేకపోవడమే తీవ్ర గ్లకోమాకు ముఖ్య కారణమని తరువాతి కాలంలో తెలిసింది. నేడు లేజరుతో ఐరిస్‌కు రంధ్రం చేసే చికిత్సకు కూడా ఇదే ఆధారం.

ఇతర పరిశోధనలు

1860లో మెదడు వ్యాధులకు, కంటి నరం వాపుకు గల సంబంధాన్ని వివరించాడు. కంటి శుక్లాన్ని తొలగించే పద్ధతిని మెరుగుపరచాడు. థైరాయిడ్ వ్యాధిలో రోగి చూపు కిందికి దించినపుడు పైరెప్ప వెనుకబడడాన్ని గ్రేఫె చిహ్నం అంటారు.

ఆచార్య పదవి, మరణం

ఆ కాలంలో జర్మన్ విశ్వవిద్యాలయాలలో కంటి వైద్యాన్ని శస్త్రవైద్యంలో భాగంగానే బోధించేవారు. దానికి ప్రత్యేక స్థానం కల్పించడానికి గ్రేఫె కృషి చేశాడు. 1866లో పూర్తి స్థాయి ఆచార్యుడయ్యాడు. 1868లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి కంటి విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పటికే క్షయవ్యాధితో బాధపడుతున్నప్పటికీ బోధన మానలేదు. 42వ ఏట బెర్లిన్‌లో మరణించాడు. థియొడోర్ లేబర్, యూలియస్ హిర్ష్‌బెర్గ్ ఈయన శిష్యులలో ముఖ్యులు. 1882లో షారిటే ఆసుపత్రి వద్ద ఈయన విగ్రహాన్ని ఆవిష్కరించారు.