సింగపూర్‌కు రూపం దిద్దిన కోల్‌మన్

సిటీ హాల్ ఎం.ఆర్.టి. స్టేషన్ దగ్గర దిగి కోల్‌మన్ స్ట్రీట్ మీదుగా నడిచేవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్ళు తక్కువే. సింగపూర్ తొలి ఆర్కిటెక్ట్ జార్జ్ డ్రమ్‌గూల్ కోల్‌మన్ ఆయన.

ఐర్లాండ్‌లోని ద్రోహెడా పట్టణంలో 1795లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో కలకత్తా వచ్చి వర్తకులకు ఇళ్ళు కట్టాడు. తర్వాత బటావియా, అక్కడి నుంచి 1822లో సింగపూర్. రాఫెల్స్ కోసం ఇప్పటి ఫోర్ట్ కానింగ్ కొండ మీద ఇల్లు కట్టింది, పట్టణ ప్రణాళికలో సలహా ఇచ్చింది ఆయనే.

కోల్‌మన్ పద్ధతి పల్లాడియన్. 16వ శతాబ్దపు ఇటలీ శిల్పి పల్లాడియో, ప్రాచీన రోమ్ శిథిలాలను స్వయంగా కొలిచి, విట్రూవియస్ రాసిన వాస్తు గ్రంథాన్ని చదివి, స్తంభాల కొలతలకు, సౌష్ఠవానికి సూత్రాలు చెప్పాడు. ఆ సూత్రాలను కోల్‌మన్ మన ఎండావానలకు తగ్గట్టు మలిచాడు. వెడల్పాటి వరండాలు, ఎత్తయిన పైకప్పులు, గాలి ఆడే రెక్కల కిటికీలు అలా వచ్చినవే. 1835 నాటి ఆర్మీనియన్ చర్చి చూడండి. సింగపూర్‌లో నిలిచివున్న చర్చిలన్నిటిలో అదే పాతది. దాని ముందున్నవి రోమన్ డోరిక్ స్తంభాలు. మాక్స్‌వెల్ అనే వర్తకుడికి 1827లో కట్టిన ఇల్లు తర్వాత కోర్టుగా, 1965 నుంచి 1999 వరకు పార్లమెంటుగా ఉండి, 2004లో ఆర్ట్స్ హౌస్ అయింది. చైమ్స్ ఆవరణలోని కాల్డ్‌వెల్ హౌస్ కూడా ఆయనదే.

1833లో ఆయన ప్రభుత్వ నిర్మాణాల అధికారి అయ్యాడు. ఖైదీల పని చూసే బాధ్యత కూడా ఆయనదే. మన కథ కలిసేది ఇక్కడే. భారతదేశం నుంచి దేశాంతర శిక్ష పడినవాళ్ళ మొదటి జట్టు, 80 మంది మద్రాసు ఖైదీలు, 1825లో ఇక్కడికి చేరింది. మన కోస్తా జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. నార్త్ బ్రిడ్జ్ రోడ్, సౌత్ బ్రిడ్జ్ రోడ్ వేసింది ఇలాంటి ఖైదీలే. 1835లో అడవిలో సర్వే చేస్తుండగా పులి దూకి థియోడలైట్‌ను పడగొట్టిందని చెబుతారు. ఆ దృశ్యాన్ని తర్వాత ఒక జర్మన్ చిత్రకారుడు బొమ్మ గీశాడు. అందులో కోల్‌మన్ పక్కన ఖైదీలూ ఉన్నారు, పేర్లు లేకుండా.

1841లో యూరప్ వెళ్ళి, పెళ్ళి చేసుకుని, 1843లో తిరిగి వచ్చాడు. నాలుగు నెలలు గడిచాయో లేదో జ్వరం తగిలి 1844 మార్చి 27న కన్నుమూశాడు. ఫోర్ట్ కానింగ్ కొండ మీదే సమాధి చేశారు.

ఆయన కట్టినవన్నీ మిగల్లేదు. సెయింట్ ఆండ్రూస్ చర్చి రెండుసార్లు పిడుగుపాటుకు గురై 1855లో కూలగొట్టబడింది. ఆయన సొంత ఇల్లు 1965లో పోయింది. ఆ చర్చి స్థలంలో 1861 నాటికి మధ్యయుగపు గోథిక్ పద్ధతిలో ఇప్పటి కెథెడ్రల్ లేచింది. కట్టింది మళ్ళీ భారతీయ ఖైదీలే. లోపలి గోడల నునుపు మద్రాసు సున్నానిది: గుల్ల సున్నం, కోడిగుడ్ల తెల్లసొన, పంచదార కలిపి దంచి, కొబ్బరి పీచు నానిన నీళ్ళతో పూసినది.

ఈ వారాంతం పిల్లలతో అటు వెళ్ళండి. రోమన్ స్తంభం, గోథిక్ కమాను పది నిమిషాల నడకలో కనిపిస్తాయి. కోల్‌మన్ పేరు వీధికీ, వంతెనకూ మిగిలింది. ఆ ఖైదీల పేరు చెప్పే బోర్డు ఏ వీధి చివరా ఉండదు. పిల్లలకు చెప్పాల్సింది మనమే.