తీర్థమలై ఇనుము – రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర

మన చెట్టికరై ప్రాంతమువారికి అరూరు తాలూకాలోని తీర్థమలై క్రొత్త కాదు. తీర్థగిరీశ్వరుని దర్శనమునకై మన పెద్దలు తరతరములుగా ఆ కొండ యెక్కుచున్నారు. మనమును స్వామిని చూచితిమి, తీర్థములను చూచితిమి. కాలిక్రింది రాతిని మాత్రము చూడలేదు. తెలుపు నలుపు చారలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఆ రాతిలోని నల్లచార ఇనుప ఖనిజమే. అయస్కాంతమును చేరువకు తెచ్చినచో దాని నంటుకొనును. దీనిని మాగ్నటైటు అందురు. ఇట్టి రాయి మన సీమలో ఎచ్చటెచ్చట నున్నదో తిరిగి చూచి గ్రంథమున వ్రాసిన యిద్దరిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒకడు.

ఆయన 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టన్‌హామ్ పట్టణమున జన్మించెను. ఇరువదినాలుగవ యేట, 1858 డిసెంబరులో, భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. అప్పటి ఉద్యోగమన గుడారమే ఇల్లు, సుత్తియే ఆయుధము. ఫుట్ దొర విలియం కింగ్ అను తోటి ఉద్యోగితో కూడి సేలము, తిరుచినాపల్లి, తంజావూరు, దక్షిణార్కాటు జిల్లాలలోని కొన్ని భాగములను శోధించెను. ధర్మపురి అప్పుడు సేలము జిల్లాలోనిదే. 1965లో గాని వేరు జిల్లా కాలేదు. వారిరువురు వ్రాసిన గ్రంథము 1864లో వెలువడెను. అందు ఇనుప రాళ్ళను ఐదు వర్గములుగా విభజించిరి: గోదుమలై, తలమలై–కొల్లిమలై, సింగపట్టి, తీర్థమలై, కంజమలై. సేలము చేరువనున్న సుద్దకొండలను గూర్చియు వ్రాసిరి. ఆ కొండలలోని తెల్లని రాయి పేరునకే సుద్ద. నిజమునకు అది మాగ్నసైటు, కొలిమి యిటుకలకు పనికివచ్చునది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆ యిద్దరు దొరలు రాకపూర్వమే ఈ ఇనుమును ఎరిగినవారు ఈ నేలపై నుండిరి. వారు వాగులలో కొట్టుకొనివచ్చిన నల్లయిసుకను కడిగి, చిన్న మట్టి కొలిమిలో బొగ్గుతో కలిపి, తోలుతిత్తులు ఊది ఇనుము తీయుచుండిరి. ఆ ఇనుమును తంగేడు కట్టెతోను జిల్లేడాకులతోను మట్టిమూసలో బంధించి కాల్చినచో ఉక్కు తయారగుచుండెను. మన ‘ఉక్కు’ అను మాటయే దూరదేశములకు పోయి ‘వుట్జ్’ అయినదని పండితులు చెప్పుదురు. కొండల పేర్లు గ్రంథమున నిలిచినవి. తిత్తి ఊదినవారి పేర్లు ఎచ్చటను లేవు.

ఇంత ఖనిజముండగా పెద్ద కర్మాగారములేల లేవని మీరడుగవచ్చును. జోషయ్యా మార్షల్ హీత్ అను దొర 1830లో పరంగిపేటలో కర్మాగారము స్థాపించి సేలము ఖనిజమును అచ్చట కరగించెను. బొగ్గుకై అడవులు నరకవలసి వచ్చెను. అడవి తరిగెను, ఖర్చు పెరిగెను, కొన్ని దశాబ్దములకే అది మూతపడెను. మన రాతిలో ఇనుము మూడవ వంతుకు కొంచెము మించి యుండును. తక్కినదంతయు ఇసుకరాయి వంటి పలుగు. రాయి ఉన్నంతమాత్రమున చాలదు, దానిని కరగించు ఇంధనమును కావలెను.

ఫుట్ దొరకు పేరు తెచ్చినది మాత్రము ఖనిజము కాదు. 1863 మే 30వ తేదీన మద్రాసు చేరువ పల్లావరమున ఒక కంకర గుంటలో ఆయనకు మనుష్యుడు చెక్కిన రాయి దొరకెను. ఆ సెప్టెంబరులోనే కింగుతో కలిసి అత్తిరంపాక్కమున మరికొన్నిటిని కనుగొనెను. అత్తిరంపాక్కము పనిముట్లలో మిక్కిలి పాతవి సుమారు 15 లక్షల యేండ్లనాటివని 2011లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. రాయి యొక్క పుట్టుక నెరిగినవాడు గనుకనే, ఏది ప్రకృతి పగులగొట్టినదో, ఏది చేయి పగులగొట్టినదో ఆయన గుర్తింపగలిగెననుట మా అభిప్రాయము.

తెలుగునాటను ఆయన అడుగు పడినది. కృష్ణాతీరమువరకు తూర్పు కోస్తాను శోధించెను. 1884లో కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహలను త్రవ్వించెను. ఆ పనిలో కుమారుడు హెన్రీ ఆయనకు తోడ్పడెను. బళ్ళారి జిల్లాపై ఆయన వ్రాసిన గ్రంథము 1895లో వచ్చెను. 1891లో ఉద్యోగము విడిచిన పిమ్మట బరోడా, మైసూరు సంస్థానములకును పనిచేసెను. కడపటి కాలమున మన పొరుగునే, ఏర్కాడు కొండపై కాపురముండెను. ఆయన సేకరించిన రాతి పనిముట్లను 1904లో మద్రాసు ప్రదర్శనశాల కొనెను. 1912 డిసెంబరు 29వ తేదీన ఆయన కలకత్తాలో మరణించెను. ఏర్కాడు చర్చిలో ఆయన స్మారకచిహ్నము కలదు.

ఆ పాత కొలుముల పొగ ఎన్నడో ఆరిపోయినది. అయినను మన ప్రాంతపు చేలలో నాగలి లోతుగా దిగినచోట నల్లని ఇనుపచిట్టెము పెళ్ళలు అప్పుడప్పుడు బయటపడుచుండును. రైతులు వానిని ఏరి గట్టుపై పడవేయుదురు.