అన్న సిక్సర్లు, తమ్ముడి ఓవర్లు

రియాద్ లో మా క్రికెట్ అంతా శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరక ముందే. మొన్న మా జట్టు లెగ్ స్పిన్నర్ నాలుగు ఓవర్లు వేసి భుజం పట్టేసిందని కూర్చున్నాడు. సి.ఎస్. నాయుడు గురించి చెప్పాను. సి.కె. నాయుడు తెలుసు కానీ ఆయనకి తమ్ముడున్నాడని తెలియదన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

సి.కె. అంటే కొఠారి కనకయ్య నాయుడు, సి.ఎస్. అంటే కొఠారి సుబ్బన్న నాయుడు. ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగులో పడి "సి" అయింది! నాగపూర్ లో స్థిరపడిన తెలుగు కుటుంబం. అన్న 1895 లో, తమ్ముడు 1914 లో పుట్టారు. దాదాపు 19 ఏళ్ళ తేడా. అంటే అన్న కాదు, ఇంట్లో ఇంకో నాన్న అన్నమాట.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద సి.కె. 153 కొట్టారు. రెండు గంటలు కూడా పట్టలేదు, 11 సిక్సర్లు. మనకీ టెస్టు హోదా ఇవ్వొచ్చు అన్న నమ్మకం ఇంగ్లండు వాళ్ళకి కలగడంలో ఆ ఇన్నింగ్స్ పాత్ర చాలా ఉంది. 1932 లో లార్డ్స్ లో మన మొదటి టెస్టుకి కెప్టెన్ ఆయనే. అసలు టూరు కెప్టెన్ పోరుబందరు మహారాజు, ఆట తన వల్ల కాదని తెలిసి తప్పుకున్నారు. (రాజులందరికీ అంత వివేకం ఉండదు లెండి. 1936 లో మన విజయనగరం మహారాజకుమార్ తప్పుకోలేదు, సి.కె. ఆయన కింద ఆడాల్సి వచ్చింది. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఏం లాభం!) లార్డ్స్ లో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్ లో 40 కొట్టారు, మన జట్టులో అదే ఎక్కువ.

తమ్ముడు 1934 జనవరిలో కలకత్తాలో మొదటి టెస్టు ఆడాడు, అన్న కెప్టెన్సీలోనే. ఆ తరువాత 1952 దాకా ఆడినవి 11 టెస్టులు, తీసినవి రెండే వికెట్లు. స్కోరుకార్డు మాత్రమే చూసేవాళ్ళు ఇక్కడే పేజీ మూసేస్తారు, నేనూ ఒకప్పుడు మూసేసినవాణ్ణే. కానీ ఫస్ట్ క్లాస్ లో ఆయనవి 600 పైచిలుకు వికెట్లు. 1942-43 లో ఒకే రంజీ సీజన్ లో 40 వికెట్లు తీశాడు, అంతకు ముందు అన్ని తీసినవాళ్ళు లేరు.

ఇక 1945 మార్చి నాటి రంజీ ఫైనల్. అన్న నాయకత్వంలోని హోల్కర్ కి, బొంబాయికి మధ్య. బొంబాయి 462, 764 కొట్టింది. రెండు ఇన్నింగ్సులూ కలిపి తమ్ముడు వేసినవి 917 బంతులు! ఒక ట్వంటీ ట్వంటీ బౌలరు 38 మ్యాచుల్లో వేసేన్ని బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. హోల్కర్ తరఫున డెనిస్ కాంప్టన్ 249 నాటౌట్ గా నిలిచినా, 374 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఒక ఫస్ట్ క్లాస్ మ్యాచులో అన్ని బంతులు మరెవ్వరూ వేయలేదు.

బంతి చేతికిచ్చింది కెప్టెన్, అంటే సొంత అన్న. క్రమశిక్షణ విషయంలో ఆయన మహా కఠినుడని పేరు. మూతికి బంతి తగిలి పళ్ళు ఊడినా క్రీజు వదలలేదని చెబుతారు. అలాంటి అన్నకి చాలు అని చెప్పగలిగే తమ్ముడెవరు? ఇంకొకరైతే ఎప్పుడో బంతి లాక్కునేవాడని నాకనిపిస్తుంది. తమ్ముణ్ణి మించి నమ్మదగిన బౌలరు ఆయనకి లేడేమో కూడా. ఆ మరుసటి ఏడాదే హోల్కర్ రంజీ ట్రోఫీ గెలిచింది.

1953-54 లో ఆంధ్ర జట్టు రంజీలోకి వచ్చినప్పుడు 58 ఏళ్ళ సి.కె. దాని తరఫున ఆడారు. 61 ఏళ్ళ వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున కూడా! 1956 లో పద్మభూషణ్ వచ్చింది. 1967 లో ఇండోర్ లో పోయారు. బి.సి.సి.ఐ. జీవన సాఫల్య పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. తమ్ముడు 2002 లో, అదే ఇండోర్ లో, 88 ఏళ్ళకి కన్నుమూశారు.

ఇదంతా విని మా లెగ్ స్పిన్నర్ కాసేపు మాట్లాడలేదు. వచ్చే శుక్రవారం ఐదో ఓవరు వేస్తానన్నాడు.