తమ్ముణ్ణి సముద్రం తీసుకుపోయాక

ఈసారి గోడపత్రికకు ఒక మహనీయుడి జీవితం రాస్తానంటే స్నేహితురాళ్లందరూ బసవన్న పేరే చెప్పారు. కల్యాణం మన బీదర్ జిల్లాలోనే ఉంది కదా! నేను మాత్రం అదే 12వ శతాబ్దంలో ఎక్కడో దూరాన బతికిన ఒక యూదు పండితుడి గురించి రాస్తున్నాను. పేరు మోషే బెన్ మైమోన్. లోకం మైమోనిడీస్ అంటుంది.

1138 ప్రాంతంలో స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టారు. ఆయనకు పదేళ్లప్పుడు అల్మొహాద్ పాలకులు ఊరిని పట్టుకున్నారు. మతం మారడమో, ఊరు వదలడమో అన్నట్టయింది యూదుల పని. స్పెయిన్‌లో, మొరాకోలో, పాలస్తీనాలో తిరిగి తిరిగి, చివరికి ఆ కుటుంబం ఈజిప్టులో, కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో స్థిరపడింది.

అక్కడ ఇల్లు నడిపింది తమ్ముడు దావీదు. రత్నాల వ్యాపారం చేసి సంపాదించేవాడు. అన్న నిశ్చింతగా చదువుకునేవారు. ఆ తమ్ముడు చివరిసారి ఎక్కడికి బయల్దేరాడో తెలుసా? మన ఇండియాకే! ఎర్రసముద్రం ఒడ్డున అయ్‌ధాబ్ రేవు నుంచి అన్నకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. తర్వాత ఓడ హిందూ మహాసముద్రంలో మునిగిపోయింది. వాళ్ల డబ్బూ, ఇతరులు నమ్మి ఇచ్చిన డబ్బూ పోయాయి. తమ్ముడి భార్య, చిన్నపాప అన్న మీద పడ్డారు.

మైమోనిడీస్ దాదాపు ఏడాది మంచం పట్టారు. జ్వరం, దిగులు. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా తమ్ముడి చేతిరాత కనబడితే గుండె తల్లడిల్లిపోతుందని ఒక ఉత్తరంలో రాసుకున్నారు. ఈ భాగం అమ్మకు తెలుగులో, నాన్నకు కన్నడలో చెప్పాను. మామయ్య పోయి రెండేళ్లయినా ఆయన నంబర్‌ను అమ్మ ఫోన్‌లోంచి తీసేయలేదు. విని ఏమీ అనలేదు, మళ్లీ ఒకసారి చెప్పమంది.

ఆయన లేచారు. ధర్మశాస్త్రం చెప్పి డబ్బు తీసుకోవడం తప్పని ఆయన నమ్మకం. అందుకని వైద్యాన్ని బతుకుదెరువు చేసుకున్నారు. సుల్తాన్ సలాదీన్ మంత్రి అల్ ఫాదిల్‌కు వైద్యులయ్యారు. పొద్దున్నే కైరోకు వెళ్లి, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇంటికొస్తే గుమ్మం నిండా రోగులు. రాత్రికి కూర్చునే ఓపిక లేక పడుకునే మందులు చెప్పేవారట!

ఆ ఏళ్లలోనే 14 భాగాల ‘మిష్నే తోరా’ పూర్తయింది. అందులో పశ్చాత్తాపం గురించి చెప్పింది చదివితే నాకు కొంచెం భయమేసింది. మనిషికి అన్యాయం చేస్తే దేవుణ్ణి వేడుకుంటే చాలదు, నష్టం తీర్చి ఆ మనిషినే క్షమాపణ అడగాలి. అదే అవకాశం, అదే శక్తి మళ్లీ ఉన్నప్పుడు కూడా ఆ తప్పు చేయకపోతేనే నిజంగా మారినట్టు. ఊరికే ఏడ్చి ఊరుకునే మనకు ఇది కష్టమే.

దానానికి ఎనిమిది మెట్లు పెట్టారు. అన్నింటికంటే పైమెట్టు, ఎదుటివాడు ఇంకెప్పుడూ చేయి చాచనవసరం లేకుండా అప్పో, వ్యాపారంలో భాగమో, పనో ఇవ్వడం. ఇక్కడికి వచ్చేసరికి నాకు బసవన్న కాయకం గుర్తొచ్చింది. పనిని అంత గౌరవించిన ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసే దారే లేదు.

ఆయన 1204లో పోయారు. సమాధి గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియలో ఉందంటారు. కొడుకు అబ్రహాం కూడా వైద్యుడే అయ్యాడు.