పత్తిపూల శేషాద్రి

మా నారాయణఖేడ్ పిల్లల్లో పత్తి చేను చూడనివాళ్లు ఉండరు. ఇవాళ విచ్చిన పువ్వు లేత పసుపులో ఉంటది, రేపటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతది. పువ్వు ముదిరేకొద్దీ రంగు ఎందుకు మారుతుందో ఎంపీసీ వాణ్ణి, నాకెవరూ చెప్పలేదు. అది వెతుకుతుంటే టి.ఆర్. శేషాద్రి దొరికారు.

ఆయన తెలుగువారు కాదు. 1900 ఫిబ్రవరి 3న తమిళనాడులోని కుళిత్తలైలో పుట్టారు. మద్రాసులో చదివి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర 1929లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. ఆస్ట్రియాలో ప్రెగ్ల్ దగ్గర కూడా పని చేశారు. కొన్ని మిల్లీగ్రాముల పదార్థం ఇస్తే చాలు, అందులో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చే పద్ధతి ప్రెగ్ల్‌ది. పూల మీద పని చేసేవాళ్లకి అది వరమే. బుట్టెడు పూలు ఉడికిస్తే చివరికి దక్కేది చిటికెడు!

1933లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. పదహారేళ్లు అక్కడే. అప్పుడు పట్టుకున్నవే పత్తిపూలు. వాటి పసుపు రంగులు ఫినాలిక్ పదార్థాలు, అంటే బెంజీన్ రింగులకి ఓహెచ్‌లు తగిలించినవి. క్వెర్సెటిన్‌లో ఐదు ఓహెచ్‌లు, గాసిపెటిన్‌లో ఆరు. పుంటికూర పువ్వులో (ఆంధ్రా ఫ్రెండ్స్‌కి గోంగూర) ఆయన బృందం హైబిస్సెటిన్‌ని పట్టుకుంది. అందులో ఏడు.

ఐదు, ఆరు, ఏడు. మొక్క మొదట అస్థిపంజరం కట్టుకుని, తర్వాత ఒక్కో ఓహెచ్ చేర్చుకుంటూ పోతుందని శేషాద్రి అనుకున్నారు. ఊరికే అనుకోలేదు. పర్‌సల్ఫేట్ వాడి, క్వెర్సెటిన్ నుంచి గాసిపెటిన్‌కి వెళ్లే దారి ల్యాబ్‌లో చేసి చూపించారు. అవుట్‌పుట్ మాత్రమే చూసి ప్రోగ్రామ్ ఏ వరుసలో నడిచిందో చెప్పడం లాంటిది ఇది. ఫ్లాస్కులో జరిగిందంతా మొక్కలోనూ జరిగిందని రుజువు కాదు, నిజమే. కానీ ఎన్‌ఎంఆర్ మెషీన్ లేని రోజుల్లో అంత దూరం వెళ్లడం మామూలు విషయం కాదు.

పత్తిపూల గాసిపెటిన్‌కి చక్కెర అతుక్కుంటే గాసిపిన్. నొప్పి, వాపు తగ్గిస్తుందా అని తర్వాతి కాలంలో దాన్ని జంతువుల మీద పరీక్షించారు.

1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. యూనివర్సిటీ గుంటూరుకి మారింది. ల్యాబ్ కట్టుకున్న మనిషికి అది ఎలా ఉంటుందో ఊహించండి. అయినా పని ఆగలేదు. 1949లో ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో, 1963లో పద్మభూషణ్. 1975 సెప్టెంబర్ 27న పోయారు.

ఇక మా గులాబీ రంగు సంగతి. అది ఆంథోసయనిన్, అదీ ఈ ఫినాలిక్ కుటుంబంలోదే, పువ్వు విచ్చుకున్నాక తయారవుతుంది. ఈసారి ఇంటికెళ్తే పుంటికూర పువ్వు కూడా చూడాలి. మా అమ్మ దాన్ని పూతకి రానియ్యదు, ఆకు ముదురుతదని ముందే తెంపేస్తది. ఒక్క మొక్క వదిలెయ్యమని ఫోన్‌లో చెప్పిన.