డిగ్రీ చేతికొచ్చాక సంజీవయ్య గారు

దామోదరం సంజీవయ్య గారి పేరు చెప్పగానే దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అంటారు. జనరల్ నాలెడ్జి పుస్తకంలో మేము బట్టీ పట్టిందీ ఆ ఒక్క ముక్కే. ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఆయన జీవితం చదివినప్పుడు మాత్రం 1942 నుండి 1948 వరకు గడిచిన ఆరేళ్ల దగ్గర మేమంతా ఆగిపోయాం. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే పెట్టె, దుప్పటి సర్దుకుని హాస్టల్ గేటు దాటవలసిన వాళ్లం కదా మేము! మాలో కొందరికి ఊళ్లో ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు. కొందరికి మేనమామ ఇల్లే దిక్కు.

సంజీవయ్య గారిదీ అదే కథ. ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో పుట్టారు. పుట్టిన మూడు రోజులకే తండ్రి మునెయ్య చనిపోయారు. సెంటు భూమి లేదు. తల్లి సుంకులమ్మ అయిదుగురు పిల్లలతో పాలకుర్తిలో ఉన్న తన తమ్ముడి పంచన చేరింది. కొన్నేళ్ల తర్వాత తిరిగి సొంత ఊరు వచ్చారు. అన్న చిన్నయ్య కూలి చేసి ఇల్లు నడిపాడు, తమ్ముణ్ణి బడికి పంపాడు. ఆ అన్నే లేకపోతే ఈ వ్యాసమే లేదు. పెద్దపాడులో నాలుగో తరగతి, తర్వాత కర్నూలులో మిషన్ స్కూలు, మునిసిపల్ స్కూలు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యారు. ప్రభుత్వ ఉపకార వేతనంతో అనంతపురం దత్తమండల కళాశాలలో చేరి 1942లో బి.ఏ. పూర్తి చేశారు.

చదువు అయిపోయింది, ఉపకార వేతనం ఆగిపోయింది. డిగ్రీ ఉంది గానీ సిఫారసు చేసేవాళ్లు లేరు. బతుకుతెరువు కోసం చిన్నాచితకా పనులు చేశారు. యుద్ధకాలంలో రేషన్ పెట్టాక కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం దొరికింది. జీతం 48 రూపాయలు. ఆ తర్వాత బళ్లారిలో ఇన్‌స్పెక్టర్ పని వచ్చింది. పదకొండు నెలలకే ఆ పోస్టు రద్దయింది! కష్టపడి చదివితే చాలు, ఉద్యోగం అదే వస్తుందని మా పెద్దలు చెబుతుంటారు. ఆయన విషయంలో అలా జరగలేదని ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాం.

బళ్లారిలో ఉన్నప్పుడు ఒక జిల్లా జడ్జి గారు ఆయనలోని చురుకుదనం గమనించి లా చదవమని ప్రోత్సహించారు, సహాయమూ చేశారు. 1946లో మద్రాసు లా కాలేజీలో చేరి, విక్టోరియా హాస్టల్లో ఉన్నారు. అప్పట్లో లా విద్యార్థులకు స్కాలర్‌షిప్పు లేదు. హాస్టల్లో ఉండేవారికి ఫీజులో సగం రాయితీ ఇచ్చేవారు, అంతే. తిండి ఖర్చు నెలకు 50, 60 రూపాయలయ్యేది. అంటే, గుమస్తాగా తెచ్చుకున్న జీతం మొత్తం ఇచ్చినా మెస్ బిల్లుకు చాలదు. అందుకని జార్జిటౌన్‌లోని ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా కుదిరారు. పగలు పాఠాలు చెప్పడం, రాత్రి తన పాఠాలు చదువుకోవడం. 1948లో లా పట్టా అందుకునేసరికి ఆయన వయసు 27. ఆరేళ్లు పట్టింది, తన కాళ్ల మీద తాను నిలబడటానికి!

మిగతాది అందరికీ తెలిసిందే గనుక త్వరగా చెబుతాం. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. రాజాజీ మంత్రివర్గంలో మంత్రిగా ఉన్నారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 39 ఏళ్లు కూడా నిండలేదు. దిక్కులేని ముసలివాళ్లకు పింఛను ఇవ్వడం ఆయన హయాంలోనే మొదలైంది. ఇంటికి మగదిక్కు లేక తల్లి పడిన పాట్లు కళ్లారా చూసినవారు కదా. 1962లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు, తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి. 1972 మే నెలలో, 51 ఏళ్లకే కన్నుమూశారు.

విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. మాలో ఇద్దరు లాయర్లవుతామంటున్నారు. అక్కడ ఫీజు ఎంతో, హాస్టల్లో సీటు ఎలా ఇస్తారో కనుక్కోమని వార్డెన్ సార్‌ను అడిగాం.