అరబ్బు సంగీత చరిత్రకారుడు హెన్రీ జార్జ్ ఫార్మర్

ఇలాంటి సంచికల్లో సాధారణంగా మన కౌములో పుట్టిన పెద్దల జీవితాలే రాసుకుంటూ ఉంటాం. ఈసారి మన కౌముకు చెందని ఒక పెద్దమనిషిని గురించి రాయదలిచాం. ఆయన ముస్లిమూ కాదు, అరబ్బూ కాదు. రాత్రిళ్లు నాటకశాలలో బ్యాండు నడిపి ఇల్లు గడుపుకున్న మనిషి. అయినా బాగ్దాదులో, దమస్కులో, కార్డోవాలో ముస్లిం పండితులూ గాయకులూ సాధించిన సంగీత విద్య ఎంతటిదో లోకానికి లెక్కగట్టి చూపించినవారిలో ఆయన ముఖ్యులు. ఆయనే హెన్రీ జార్జ్ ఫార్మర్.

ఫార్మర్ 1882 జనవరి 17న ఐర్లండులోని బిర్ అనే ఊళ్లో, సైనికుల బ్యారక్సులో జన్మించారు. తండ్రి సిపాయి. కలవారి కుటుంబం కాదు. పద్నాలుగేళ్లకే, అంటే 1896లో, లండన్ దగ్గర ఊల్విచ్‌లో ఉన్న రాయల్ ఆర్టిలరీ బ్యాండులో చేరారు. మన పిల్లలు హైస్కూల్లో చదువుకునే వయస్సులో ఆయన యూనిఫారం తొడుక్కుని వయొలిన్, క్లారినెట్ వాయించేవారు. అయితే వాయించి ఊరుకునే స్వభావం కాదు ఆయనది. ఈ బ్యాండు ఎప్పుడు మొదలైంది, ఈ వాద్యాలు ఎక్కడినుంచి వచ్చాయి అని పాత కాగితాలు తిరగేస్తూ ఉండేవారు. ఇరవై రెండేళ్ల వయస్సులో, 1904లో, ఆ బ్యాండు చరిత్రను పుస్తకంగా అచ్చు వేయించారు. సైనిక వాద్యాల మూలాలు వెదుక్కుంటూ పోతే దారి తూర్పు దేశాలకే తీసుకువెళ్లింది. యూరప్ సైన్యాలు వాయించిన పెద్ద డోళ్లు, తాళాలు చాలావరకు తురుష్క సైన్యాల మేళాలను చూసి నేర్చుకున్నవే గదా!

ఆరోగ్యం సరిగా లేక 1911లో ఆయన సైన్యం విడిచిపెట్టారు. 1914లో స్కాట్లండులోని గ్లాస్గో నగరం చేరుకుని, 1947 దాకా అక్కడి థియేటర్లలో వాద్యబృందానికి నాయకత్వం వహించారు. హాస్యగాళ్లూ గారడీవాళ్లూ నృత్యాలూ ఉండే ఆటలవి. స్టేజీ ముందు గోతిలో నిలబడి ప్రతి రాత్రీ చేతిలో కర్ర ఆడించడం ఆయన ఉద్యోగం. ఆ రోజుల్లోనే సాల్వడార్ డానియెల్ అనే ఫ్రెంచి సంగీతజ్ఞుడు అల్జీరియాలో ఉండి అరబ్బు సంగీతాన్ని గురించి రాసిన పుస్తకాన్ని ఫార్మర్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఈ పనిలో దిగాక ఆయనకు ఒక సంగతి బోధపడింది. అరబ్బుల సంగీతాన్ని గురించి యూరప్‌లో రాసేవాళ్లలో అరబ్బీ మూలగ్రంథాలు చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. ఒకరు రాసినదాన్ని చూసి మరొకరు రాయడమే ఎక్కువ.

ఇక్కడే ఫార్మర్ గొప్పతనం ఉంది. మనలో ఎవరైనా అయితే పోనీలే అని ఊరుకునేవారేమో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఆ ఈడులో ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయం మెట్లెక్కి, టి. హెచ్. వీర్ అనే ఆచార్యుని దగ్గర అలిఫ్, బే, తే నుంచి అరబ్బీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. పగలు చదువు, రాత్రి థియేటరు. ఇలా ఏళ్ల తరబడి గడిచింది. చివరికి 1926లో, నలభై నాలుగేళ్ల వయస్సులో, మధ్యయుగాల అరబ్బుల సంగీత చరిత్రపై రాసిన పరిశోధనకు పిహెచ్.డి. పట్టా అందుకున్నారు.

ఆ పరిశోధనే పెరిగి 1929లో లండన్‌లో అచ్చయింది. పదమూడో శతాబ్దం దాకా అరబ్బు సంగీత చరిత్ర అందులో ఉంది. ఇస్లాముకు పూర్వపు రోజుల నుంచి 1258లో బాగ్దాదు పతనం దాకా ఒక్కొక్క యుగమే తీసుకుని, ఆనాటి రాజ్యం ఎలా ఉంది, సంగీతం ఎలా ఉంది, పేరుపొందిన గాయకులూ పండితులూ ఎవరు అని వరుసగా చెప్పుకొచ్చారు. హారూన్ రషీద్ దర్బారులోని ఇబ్రాహీం మౌసిలీ, ఆయన కుమారుడు ఇస్‌హాఖ్, బాగ్దాదు విడిచి స్పెయిన్‌కు వెళ్లి కార్డోవాలో సంగీత విద్యకు పునాది వేసిన జిర్యాబ్, వీరంతా అందులో కనిపిస్తారు. తత్త్వవేత్తలుగా మనం పేర్లు వినే అల్ కిందీ, అల్ ఫారాబీ, ఇబ్న్ సీనా సంగీత శాస్త్రంలో కూడా ఉద్దండులని ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది. అల్ ఫారాబీ సంగీతం మీద రాసిన బృహద్గ్రంథం మధ్యయుగాల్లో ఆ విషయం మీద వచ్చిన పుస్తకాల్లో అగ్రశ్రేణిది.

సంగీతం వినవచ్చునా కూడదా అనే విషయంలో మన ఉలమాల మధ్య మొదటినుంచీ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ తీర్పు చెప్పడం మా పని కాదు. ఫార్మర్ కూడా తీర్పు చెప్పలేదు. ఆ వివాదానికి ఒక అధ్యాయం కేటాయించి, కూడదన్నవారు ఏమన్నారో, తప్పులేదన్నవారు ఏమన్నారో రెండూ రాశారు. పరాయి మతం విషయంలో చరిత్రకారుడు పాటించవలసిన మర్యాద అది.

యూరప్ సంగీతం అరబ్బుల దగ్గర ఏం నేర్చుకుంది అన్న ప్రశ్న మీద ఆయన గట్టిగా వాదించారు. వాద్యాల పేర్లే సాక్ష్యం అన్నారు. అరబ్బుల ఊద్ యూరప్‌లో లూట్ అయింది. రబాబ్ రెబెక్ అయింది. మన దర్గాల్లో మోగే నగారాయే, నక్కారా అన్న అరబ్బీ పేరుతో వెళ్లి, ఇంగ్లీషులో నేకర్ అయి కూర్చుంది. రిఫాయీ ఫకీర్లు వాయించే దఫ్ స్పెయిన్‌, పోర్చుగల్ దేశాల్లో అదూఫె పేరుతో నేటికీ ఉంది. వాద్యాలు మాత్రమే కాదు, శాస్త్రం కూడా వెళ్లిందని ఆయన వాదం. కాత్లీన్ ష్లెసింజర్ అనే విదుషీమణి దీన్ని ఖండిస్తే, 1930లో ఆయన ఒక పూర్తి పుస్తకమే జవాబుగా రాశారు. మరుసటి ఏడు వెలువడిన ఇస్లాం వారసత్వాన్ని గురించిన ప్రసిద్ధ గ్రంథంలో సంగీతం మీది వ్యాసం కూడా ఆయనదే. ఆ గ్రంథ సంపాదకుల్లో ఒకరైన థామస్ ఆర్నాల్డ్ ఒకప్పుడు అలీగఢ్‌లోనూ, లాహోరులోనూ పాఠాలు చెప్పినవారు. ఇఖ్బాల్ మహాకవికి గురువు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. యూరప్ వారి దో, రే, మీ స్వరాల పేర్లు అరబ్బీ అక్షరాల నుంచి వచ్చాయన్న పాత ఊహను ఫార్మర్ కూడా పరిశీలనకు పెట్టారు. మన సభల్లో కొందరు వక్తలు దీన్ని నిశ్చయమైన సంగతిలా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటూ ఉంటారు. చరిత్రకారులు దీన్ని అంగీకరించలేదు. ఇటలీకి చెందిన గీదో అనే సన్యాసి ఒక లాటిన్ స్తోత్రంలోని పాదాల మొదటి అక్షరాలు తీసుకుని ఆ పేర్లు పెట్టాడన్నదే ఎక్కువమంది ఒప్పుకున్న మాట. అలాగే అరబ్బులు గ్రీకుల వద్ద, పారశీకుల వద్ద నేర్చుకున్నదాన్ని ఫార్మర్ ఎక్కడా కప్పిపుచ్చలేదు. ఉన్న గొప్ప చాలినంత ఉండగా లేని గొప్ప తగిలించుకోవడం ఎందుకు?

1932లో ఈజిప్టు రాజు ఫువాద్ కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిపించారు. హంగేరీ నుంచి బార్టోక్, జర్మనీ నుంచి హిండెమిత్, కుర్ట్ జాక్స్ వంటి దిగ్గజాలు వచ్చిన ఆ సభలో చరిత్రకూ, రాతప్రతులకూ సంబంధించిన సంఘానికి అధ్యక్షుడు మన గ్లాస్గో బ్యాండు మాస్టరే. అరబ్బుల గడ్డ మీద అరబ్బు పండితుల మధ్య ఆయనకు ఆ ఆసనం దొరకడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత 1940లో, అరబ్బీలో సంగీతం మీద వచ్చిన గ్రంథాలు ఏవేవి, వాటి రాతప్రతులు ఏ గ్రంథాలయంలో ఉన్నాయి అన్న పట్టికను ప్రకటించారు. తన వెనుక వచ్చేవారికి దారి దీపం పెట్టి పోయినట్టయింది.

మనది సంక్షేమ సంఘం కనుక ఇంకొక విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఫార్మర్ సంగీత కార్మికుల యూనియన్‌లో పనిచేసి, 1929 నుంచి కొన్నేళ్లు వారి పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. 1919లో గ్లాస్గోలో ఒక సింఫనీ వాద్యబృందాన్ని నెలకొల్పారు. కష్టాల్లో పడిన స్కాట్లండు వాద్యకారుల కోసం సహాయనిధి స్థాపించారు. ఆయన రాసిన చరిత్రలోనే సఫీయుద్దీన్ అనే మహాపండితుడు ఉన్నారు. సప్తకాన్ని పదిహేడు స్వరాలుగా విభజించి సూత్రం కట్టిన మేధావి, బాగ్దాదు పతనం చూసి బతికి బయటపడ్డ మనిషి. అంతటివాడు చివరికి అప్పు తీర్చలేక ఖైదులో పడి 1294లో అక్కడే కన్నుమూశారు. విద్వాంసుడి విద్య ఒక్కటే అతణ్ణి కాపాడదు, పక్కన నలుగురు నిలబడాలి. ఫార్మర్ పుస్తకంలో చరిత్ర రాశారు, బయట నిధి పోగుచేశారు. రెండూ ఒక మనిషే చేశారు.

ఇంత చేసినా ఆయన గ్లాస్గోలో ఆచార్య పీఠం ఎక్కలేదు. 1951 నుంచి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సంగీత విభాగానికి క్యురేటరుగా ఉన్నారు. ఆచార్యులు మాత్రం ఆయన పుస్తకాలు పట్టుకుని పాఠాలు చెప్పారు. 1957లో ఆక్స్‌ఫర్డ్ వారి సంగీత చరిత్ర మొదటి సంపుటం వెలువడినప్పుడు ఇస్లామీయ సంగీతాన్ని గురించిన అధ్యాయం ఆయనే రాశారు. తన కితాబులూ కాగితాలూ ఆ విశ్వవిద్యాలయానికే చెందేలా చేసి, 1965 డిసెంబరు 30న పరమపదించారు. బొమ్మలతో కూడిన ఇస్లామీయ సంగీత చరిత్ర మరుసటి సంవత్సరం లైప్జిగ్‌లో వెలువడింది. తరువాతి పండితులు ఆయన మాటలు కొన్ని సరిదిద్దారు. కాని వారంతా ఆయన వేసిన బాటమీదనే నడిచి వచ్చారు.

సభ్యులకు మా మనవి ఒకటే. తాతముత్తాతల కాలం నాటి ఉర్దూ, ఫారసీ కాగితాలు మనలో కొందరి ఇళ్లలో అటకమీద పడి ఉన్నాయి. చదవడం రాదని చెదలకు వదిలేస్తున్నాం, ఒక్కోసారి చిత్తు కాగితాలవాడికి అమ్మేస్తున్నాం. ఐర్లండులో పుట్టిన ఒక సిపాయి కొడుకు ముప్పై ఆరేళ్ల వయస్సు దాటాక మన గ్రంథాల లిపి నేర్చుకోగలిగాడు. మన ఇంట్లో ఉన్న కాగితం మీద ఏముందో తెలుసుకోవడానికి మన పిల్లలు ఆ లిపి నేర్చుకోలేరా? మన పెద్దలు గొప్పవారని సభల్లో చెప్పుకుంటే సరిపోదు. వారు రాసింది చదివినవాడే వారికి నిజమైన వారసుడు. ఆ లెక్కన ఫార్మర్ మనకు పరాయివాడు కాదు.